లుక్కా రోజు

ఇటలీకి రసజ్ఞ వెళ్తోందన్న సంగతి కిరణ్మయికి చలపతిరావు చెప్పలేదు. రసజ్ఞ కొన్న కొత్త ట్రాలీ బ్యాగు చెప్పింది.

పసుపు రంగు బ్యాగు. ఇంకా ప్లాస్టిక్ కవరు కూడా తియ్యలేదు. చక్రాలు బాగా తిరుగుతున్నాయో లేదో చూడటానికి రసజ్ఞ దాన్ని ఆఫీసులో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపించింది. కొత్తగూడ ఫ్లైఓవరుకు ఎదురుగా రెండో అంతస్తులో ఉన్న ఆ టూర్ల ఆఫీసు పొడవెంతని? నాలుగు డెస్కులు, యజమాని కూర్చునే అద్దాల గది, నీళ్ళ డబ్బా. బ్యాగు సరిగ్గా కిరణ్మయి కుర్చీ పక్కకొచ్చి ఆగింది.

“అక్కా, సార్ చెప్పారా? యూరప్ గ్రూపుతో నన్ను పంపిస్తున్నారు!”

“ఆ, చెప్పారు,” అంది కిరణ్మయి. అబద్ధం. కానీ ఆ పిల్ల నోటి నుంచి మొదటిసారి విన్నానని ఒప్పుకోవడం కంటే అబద్ధమే నయమనిపించింది.

గచ్చిబౌలిలో, మాదాపూర్‌లో పెద్ద జీతాల పిల్లలు అమ్మానాన్నల పెళ్ళిరోజుకో, నాన్న రిటైర్మెంటుకో యూరప్ టూర్ కొనిపెట్టడం ఇప్పుడు మామూలైంది. ఆ పెద్దవాళ్ళను గ్రూపుగా తీసుకెళ్ళి, పూట పూటకీ ఇంత అన్నం పెట్టించి, భద్రంగా శంషాబాద్‌లో దింపడం చలపతిరావు వ్యాపారం. ఏ రోజు ఏ ఊళ్ళో ఏం చూడాలో, ఎక్కడ తినాలో, ఎక్కడ బాత్రూము దొరుకుతుందో కూర్చుని అల్లేది కిరణ్మయి. తొమ్మిదేళ్ళుగా ఆమె యూరప్ అంతా తిరిగింది. కుర్చీలోంచి లేవకుండా తిరిగింది.

ఆ యూరప్‌లో లుక్కా అనే ఊరు అచ్చంగా ఆమెది. మిగతా కంపెనీల వాళ్ళు పీసాలో బస్సు ఆపి, వంగిన గోపురాన్ని చేతులతో నిలబెడుతున్నట్టు ఫొటోలు తీయించి, నేరుగా ఫ్లోరెన్సుకు పరిగెత్తేవాళ్ళు. దారిలోనే ఉన్న లుక్కాను పట్టించుకున్నవాళ్ళు లేరు. కిరణ్మయి పట్టించుకుంది. ఊరి చుట్టూ కోటగోడ, ఆ గోడ మీద రోడ్డంత వెడల్పున దారి, దారికి అటూ ఇటూ చెట్లు. అద్దె సైకిళ్ళు. పైకప్పు మీద చెట్లు నాటిన గోపురం. పాతకాలం రోమన్ల ఆటస్థలం పునాదుల మీద ఇళ్ళు కట్టుకోగా మిగిలిన కోడిగుడ్డు ఆకారపు బజారు. సోంపు, కిస్‌మిస్ వేసి చేసే తీపి రొట్టె. ఇవన్నీ ‘లుక్కాలో ఏం చేయాలి’ అన్న పేజీలో ఆమె ఎంత ముచ్చటగా రాసిందంటే, తిరిగొచ్చిన ప్రతి గ్రూపూ ఆ ఒక్కరోజు గురించే మాట్లాడేది.

పోయినేడు గ్రూపు తిరిగొచ్చినప్పుడు చలపతిరావు అందరి ముందూ అన్నాడు. “వచ్చే ఎండాకాలం ఇటలీ నీదేనమ్మా కిరణ్మయీ. నీ లుక్కా నువ్వే చూపించుకో.”

ఆ మాట నమ్మి ఆమె పాస్‌పోర్టు రెన్యువల్ చేయించుకుంది. కొండాపూర్‌లో నడక బూట్లు కొంది. కొత్త బూట్లు అక్కడికెళ్ళాక కరవకూడదని రోజూ పొద్దున్నే ప్రగతి నగర్ చెరువు చుట్టూ వాటితో తిరిగి మెత్తబరిచింది. ఇప్పుడా బూట్లు ఆమె కాళ్ళకే ఉన్నాయి. కాళ్ళు డెస్కు కిందకు ముడుచుకుంది.

మధ్యాహ్నం అద్దాల గదిలోకి వెళ్ళింది. చలపతిరావు ఆమె మొహం చూసి, అడగకముందే నీళ్ళ గ్లాసు ముందుకు జరిపాడు.

“నాకు తెలుసమ్మా, నీకు కష్టంగా ఉంటుంది. కానీ ఇప్పుడు పిల్లలంతా వీడియోలు చూసి బుక్ చేస్తున్నారు. రసజ్ఞ అక్కడ నాలుగు వీడియోలు తీసిందంటే వచ్చే రెండు గ్రూపులు నిండుతాయి. నువ్వు కెమెరా ముందు నిలబడతావా? నిలబడవు.”

“మీరు మాటిచ్చారండి.”

“ఇచ్చాను, కాదనను. అయినా నువ్వెళ్తే ఇక్కడ ఎవరు చూస్తారు చెప్పు?”

పని బాగా చేసేవాళ్ళకు ఈ లోకంలో దొరికే బహుమతి మరింత పని. కిరణ్మయి ఆ గ్లాసులో నీళ్ళు ముట్టకుండా బయటికొచ్చింది.

ఆఫీసు తుడిచి, టీలు పెట్టే బాలమ్మ ఆమె ముందు కప్పు పెట్టి, వెళ్ళకుండా నిలబడింది. “ఏంది మేడం, మొకం గట్ల మాడ్చుకున్నవ్? ఆ పోరి పోతున్నదనా?”

“ఏం లేదు బాలమ్మా.”

“ఏం లేకుంటే చాయ్ తాగు. సల్లగైతది.”

సాయంత్రం రసజ్ఞ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. “అక్కా, లుక్కా మొత్తం నువ్వే చెప్పాలి. నీ కళ్ళతో చూసినట్టు చెప్తావు కదా, అలాగే.”

రసజ్ఞ మంచిపిల్ల. కిరణ్మయికి ఎక్కువ ఒళ్ళు మండించింది అదే. కాస్త పొగరుమోతుదైతే హాయిగా తిట్టుకోవచ్చు. పండక్కి తణుకు వెళ్తే గుర్తుపెట్టుకుని తనకు కాజాలు తెచ్చే పిల్ల. ఇరవై ఆరేళ్ళు. చేరి ఏడాది కాలేదు. ఏమీ అడక్కుండానే అన్నీ వచ్చి ఒళ్ళో పడుతున్నాయి.

కిరణ్మయి తెర మీద వీధులు తెరిచి చూపించింది. బస్సు ఆగే చోటు, కోట ద్వారం, సైకిళ్ళ కొట్టు. మధ్యాహ్నం చాలా దుకాణాలు మూసేస్తారు కాబట్టి మందులేమైనా కావాలంటే ముందే కొనుక్కోవాలని చెప్పింది. శాన్ ఫ్రెదియానో చర్చిలో, అద్దాల పెట్టెలో సాధ్వి జీతా శరీరం ఉంటుందని చెప్పింది. వందల ఏళ్ళ కిందట ఆవిడ ఒక పట్టు వ్యాపారి ఇంట్లో పనిమనిషి.

“పనిమనిషికి పూజలా?” రసజ్ఞ కళ్ళు పెద్దవి చేసుకుంది. “మన ఆంటీలు దీనికి పడిపోతారక్కా!”

“పడిపోతారు,” అంది కిరణ్మయి. ఆ పెట్టె ముందు రసజ్ఞ నిలబడి మెల్లగా కథ చెబుతుంటే, ఆడవాళ్ళంతా దండాలు పెట్టడం ఆమెకు కనబడింది. ఆ కథ వెతికి పట్టుకున్నది తను. చెప్పి మెప్పు పొందేది ఇంకొకరు.

ఆ రాత్రి అన్నం తింటూ భర్త వినయ్ ఓదార్చబోయాడు. “పోనీలే, వచ్చే ఏడు వెళ్దువుగాని. ఈలోగా గోడల మీద తిరగాలనుంటే గోల్కొండ తీసుకెళ్తా.”

ఆమె కంచం ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

శనివారం, ప్రయాణానికి ముందు గ్రూపు వాళ్ళందరినీ కలిపే సమావేశం. కొత్తగూడలోనే ఒక హోటల్ పై అంతస్తులో చిన్న హాలు. ముందు ఇడ్లీ, వడ, ఉప్మా. తర్వాత కందిపొడి ఎలా సర్దుకోవాలి, ఆవకాయ ఏ బ్యాగులో పెట్టాలి, పాస్‌పోర్టు ఎక్కడ దాచుకోవాలి అన్న ముచ్చట్లు. ఇన్నేళ్ళూ ఈ సమావేశం నడిపింది కిరణ్మయి. ఈసారి మైకు రసజ్ఞ చేతికిచ్చారు.

కిరణ్మయి దగ్గర ఒక ముక్క ఉండేది. కాగితం మీద ఎప్పుడూ రాయలేదు, నోటితోనే చెప్పేది. మాటల మధ్యలో కాలి చెప్పు తీసి పైకెత్తి చూపించేది. “ఇది ఎక్కడ విప్పాలి? హోటల్ రూములో. ఎక్కడ విప్పకూడదు? చర్చి ముందు. అక్కడెవరూ విప్పరు, మీరూ విప్పకండి. ఎండకు బండలు పెనంలా కాలుతుంటాయి.” హాలంతా నవ్వేది. నవ్విన మాట మర్చిపోరు. అంతకు ముందు ఒక గ్రూపులో మొగుడూ పెళ్ళాలిద్దరు మన గుడికి వెళ్ళినట్టే చెప్పులు దూరంగా విప్పి, తిరిగొచ్చేటప్పుడు గెంతులు వేశారు. అప్పటి నుంచి చెబుతున్న మాట అది.

రసజ్ఞకు ఆ ముక్క చెప్పలేదు. మొదట నిజంగానే గుర్తు రాలేదు. హాలు వెనక వరసలో కూర్చుని చూస్తుంటే గుర్తొచ్చింది. రసజ్ఞ ఏదో అంది, హాలు నవ్వింది. తన కంటే ఎక్కువ నవ్వించింది. చెప్పుల మాట లేకుండానే. కిరణ్మయి లేవబోయి, మళ్ళీ కూర్చుంది. అన్నీ తనే చెప్పాలా? తెలుసుకోనీ. వెళ్ళేది ఆ పిల్లేగా.

సమావేశం అయ్యాక టిఫిన్ బల్ల దగ్గర ఒకావిడ వచ్చి ఆమె పక్కన నిలబడింది. అరవై దాటిన మనిషి, నేత చీర, కాళ్ళకు నల్లటి మందపాటి చెప్పులు. పేరు పుణ్యవతి. భర్త నరసింహమూర్తి నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. కొడుకు తేజ ఈ టూర్ కొనిచ్చాడు. బుకింగ్ రోజున ఆఫీసుకొచ్చి, కిరణ్మయి రాసిన లుక్కా పేజీ అక్కడే నిలబడి చదివింది ఈవిడే.

“అమ్మా, ఒక మాట. నాకు షుగరు. అరికాళ్ళు మొద్దుబారిపోయాయి, వేడీ చలీ ఏమీ తెలీదు. డాక్టరుగారు ఇంట్లో కూడా ఈ చెప్పులు విప్పొద్దన్నారు. మరి ఆ చర్చిల దగ్గర విప్పాలా? విప్పాలంటే నేను బయటే కూర్చుంటాను.”

జవాబు కిరణ్మయి నాలుక చివరే ఉంది. ఒక్క మాట. అక్కర్లేదండి, అంతే. కానీ అదే సమయంలో హాలు ముందు వైపు గ్రూపంతా రసజ్ఞను మధ్యలో పెట్టుకుని ఫొటోకు నిలబడుతోంది. ఎవరో “కిరణ్మయిగారూ, కాస్త ఫొటో తీస్తారా?” అని ఫోను ఆమె చేతిలో పెట్టారు.

“ఆ అమ్మాయిని అడగండి,” అంది పుణ్యవతితో. “మీతో వచ్చేది ఆ అమ్మాయే.”

పుణ్యవతి గుంపు వైపు చూసి, “అంతమందిలో ఏం అడుగుతాంలే,” అని మెల్లగా వెళ్ళి ఫొటోలో చివర నిలబడింది. కిరణ్మయి ఫొటో తీసింది. ఒకటి కాదు, మూడు తీసింది, అందరూ బాగా పడేదాకా.

గ్రూపు వెళ్ళాక ఆఫీసులో పని తగ్గింది. రసజ్ఞ వీడియోలు మాత్రం రోజూ వచ్చేవి. రోమ్‌లో ఐస్‌క్రీం. వెనిస్‌లో పడవ. చలపతిరావు గది తలుపు తెరిచి మరీ చూపించేవాడు. కిరణ్మయి చూసేది కాదు. చూడకూడదనుకుంటూనే ఇంటికెళ్ళాక ఒక్కొక్కటీ రెండేసి సార్లు చూసేది. రసజ్ఞ జుట్టు గాలికి ఎగరడం చూసి, ఆ గాలి మీద కూడా కుళ్ళుకునేది.

లుక్కా రోజు సాయంత్రం అయిదింటికి ఫోను మోగింది. అక్కడ ఎండ నడినెత్తి దిగి కొంచెమే అయ్యుంటుంది. రసజ్ఞ ఏడుస్తోంది.

“అక్కా... పుణ్యవతిగారి కాళ్ళు... బొబ్బలెక్కిపోయాయక్కా, రెండు అరికాళ్ళూ. చర్మం ఊడొచ్చేలా ఉంది. ఆవిడకు తెలీను కూడా తెలీలేదు...”

కిరణ్మయి లేచి నిలబడింది. “చర్చి దగ్గరా?”

“ఆ చర్చి దగ్గరే. నేనే చెప్పానక్కా. మా ఊళ్ళో చర్చికెళ్ళినా విప్పుతాం కదా, ఇదీ అంతేననుకున్నా. దేవుడి తలుపు ముందు వద్దు, అటు గోడ పక్కన విప్పేద్దాం అన్నాను. ఆవిడ బయటే కూర్చుంటానంది, రెండు నిమిషాలే కదా అని నేనే లేపాను. లోపలికి వెళ్ళేటప్పుడే అందరూ గెంతుకుంటూ, నవ్వుకుంటూ పరిగెత్తారు. ఆవిడ ఒక్కతే తాపీగా నడిచింది. తిరిగొచ్చేటప్పుడూ అంతే. ఎంత భక్తో చూడండి అని నేను వీడియో తీశానక్కా...”

చర్చి ముందున్న ఆ ఖాళీ స్థలం కిరణ్మయికి తెలుసు. ఈ గోడ నుంచి ఆ తలుపు దాకా ఎంత రాతి పరుపో తెర మీద ఎన్నోసార్లు చూసింది. దాని మీద మొద్దుబారిన కాళ్ళతో ఒక మనిషి నింపాదిగా నడిచింది. వద్దని చెప్పగలిగింది తనొక్కతే.

“ఏడవకు. విను. బొబ్బలు చిదపొద్దు, ఐసు పెట్టొద్దు. నీడలో కూర్చోబెట్టి మామూలు నీళ్ళు పోస్తూ ఉండమను. ఇన్సూరెన్సు వాళ్ళకు నేను ఫోన్ చేస్తా. వీడియో ఆన్ చెయ్.”

తెర మీద వీధి వచ్చింది. ఈసారి కదులుతోంది, ఊపిరి పీలుస్తోంది. “వచ్చిన వీధిలోనే వెనక్కి నడువు. ఎడమ చేతికి బజారు తోవ వదిలెయ్. ఇంకొంచెం ముందుకెళ్తే ఆకుపచ్చ ప్లస్ గుర్తు కనబడుతుంది, మందుల షాపు.”

“మూసేసుందక్కా!”

“తలుపు మీద చూడు. ఆ వేళకు తెరిచి ఉన్న షాపు అడ్రసు అంటించి ఉంటుంది. చదువు.”

రసజ్ఞ తడబడుతూ చదివింది. కిరణ్మయి తన తెర మీద ఆ వీధి పట్టుకుని, కుడి, ఎడమ చెబుతూ నడిపించింది. దారిలో ఎక్కడో గంటలు మోగాయి. ఏ గోపురానివో గాని, బరువుగా, ఒకదాని మీద ఒకటి. ఇన్నేళ్ళుగా ఆ ఊళ్ళో తిరుగుతున్నా ఆమెకు ఆ ఊరి శబ్దం వినబడటం అదే మొదటిసారి. ఆ క్షణంలో కూడా, ఆ పిల్ల ఏడుస్తూ పరిగెడుతుంటే కూడా, వినే అదృష్టం దానికి పట్టిందే అనుకుంది. అనుకుని తన మీద తనకే అసహ్యం వేసింది.

మందుల షాపులో ముసలాయన వెంటనే అంబులెన్సుకు ఫోన్ చేశాడు. ఆస్పత్రిలో కట్టు కట్టి, ఇంకొంచెం ఆలస్యమైతే చీము పట్టేదని, కాళ్ళకే ముప్పు వచ్చేదని చెప్పారట. పుణ్యవతి మిగతా ప్రయాణమంతా చక్రాల కుర్చీలో చేసింది.

గ్రూపు తిరిగొచ్చిన మర్నాడు రసజ్ఞ నేరుగా అద్దాల గదిలోకి వెళ్ళింది. తలుపు వేసుకున్నా మాటలు వినబడ్డాయి.

“తప్పు నాదే సార్. చెప్పులు విప్పమంది నేనే. కిరణ్మయక్క లేకపోతే ఏమయ్యేదో.”

“ఎవరికి తడుతుంది గాని... సరే, ఇకముందు జాగ్రత్త,” అన్నాడు చలపతిరావు.

కిరణ్మయి తన కుర్చీలోనే కూర్చుంది. లేచి వెళ్ళి చెప్పాలి. కాళ్ళు నేలకు ఆనించింది, లేవబోయింది. ఈలోగా ఫోను మోగింది. ఎత్తింది. ఆ తర్వాత లేవలేదు.

పది రోజుల తర్వాత పుణ్యవతి, నరసింహమూర్తి ఆఫీసుకు వచ్చారు, ఇన్సూరెన్సు కాగితాల కోసం. ఆవిడ కట్ల మీద వదులు చెప్పులు వేసుకుని, భర్త భుజం పట్టుకుని మెట్లెక్కింది. బాలమ్మ పరిగెత్తుకెళ్ళి కుర్చీ వేసింది. “జర పైలం అమ్మా. ఫోన్ జేస్తే మేమే కాయితాలు పట్టుకొస్తుంటిమి గదా?”

“నాకు రావాలనిపించిందమ్మా,” అంది పుణ్యవతి.

చలపతిరావు గదిలోంచి చేతులు జోడించుకుంటూ వచ్చాడు. “మీ దయ వల్ల, మా కిరణ్మయి వల్ల గండం గడిచిందండి. ఇక్కడ కూర్చుని ఆ ఊళ్ళో దారి చూపించింది! ఆ రోజే నిర్ణయించుకున్నాను. ఈమెను ఇక కుర్చీలోంచి కదలనివ్వను. రసజ్ఞలు ఎంతమందైనా దొరుకుతారు, ఈవిడ ఇక్కడుంటేనే మా బళ్ళు నడుస్తాయి. జీతం కూడా పెంచుతున్నాను.”

ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా రసజ్ఞ కొట్టింది. కిరణ్మయి ఇటలీకి వెళ్ళే దారి ఆ చప్పట్లలో మూసుకుపోయింది. ఎదురు చెప్పాలంటే ఏమని చెబుతుంది? నాకు ఆ మెప్పు తగదనా? తగదని చెప్పాలంటే ఎందుకు తగదో కూడా చెప్పాలి.

పుణ్యవతి చప్పట్లు కొట్టలేదు. ఆమెనే చూస్తూ కూర్చుంది.

మగవాళ్ళిద్దరూ సంతకాలకు లోపలికి వెళ్ళాక, ఆవిడ సంచీలోంచి ఒక పొట్లం తీసి డెస్కు మీద పెట్టింది. “నువ్వు రాశావుగా, సోంపు రొట్టె అని. ఆస్పత్రి నుంచి వస్తుంటే ఆయనతో కొనిపించాను. ఎండిపోయిందేమో. తిను.”

కిరణ్మయి పొట్లం విప్పింది. నల్లటి మెరుపు పైపొర, మధ్యలో కిస్‌మిస్‌లు. ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది.

“ఆ రోజు టిఫిన్ల దగ్గర నేనొక మాట అడిగాను,” అంది పుణ్యవతి, గొంతు బాగా తగ్గించి. “గోలలో నీకు వినబడలేదేమో అనుకున్నాను. చక్రాల కుర్చీలో కూర్చున్నన్ని రోజులూ అదే అనుకుంటూ ఉన్నాను. వినబడిందా?”

లేదని చెప్పడానికి ఆవిడే దారి చూపించింది. ఆ దారిన వెళ్ళడం చాలా తేలిక. రొట్టె నోట్లో గట్టిగా, పొడిగా ఉంది.

“వినబడిందండి,” అంది కిరణ్మయి.

పుణ్యవతి తల ఊపింది. కోప్పడలేదు. క్షమించానని కూడా అనలేదు. కాసేపు తన కట్ల వైపు చూసుకుంది.

“నీ ఊరు బావుందమ్మా. ఆ చెట్ల గోపురం మాత్రం కింద నుంచే చూశాను,” అంది. భర్త బయటికి రాగానే ఆయన భుజం పట్టుకుని లేచింది.

వాళ్ళు మెట్లు దిగుతున్న చప్పుడు చాలాసేపు వినబడింది. రసజ్ఞ వచ్చి పొట్లంలోకి తొంగి చూసింది. “హబ్బ, తెచ్చారా! ఎలా ఉందక్కా? నువ్వు రాసినట్టే ఉందా?”

“ఏమో. నేను తినకుండానే రాశాను,” అంది కిరణ్మయి. నోట్లో ముక్క కష్టం మీద మింగింది. “కుర్చీ తెచ్చుకో రసజ్ఞా. నీకొకటి చెప్పాలి. ఇన్సూరెన్సు గురించి కాదు. చెప్పుల గురించి.”

“అది అయిపోయింది కదక్కా, నా తప్పే...”

“నీది కాదు. కూర్చో.”

రసజ్ఞ కుర్చీ లాక్కుంది.